అనంతపురం మిద్దె మీద షార్ట్‌వేవ్ వింత గొంతుల వేట: తీగ కట్టడం నుంచి తేల్చుకోవడం దాకా

రాత్రి ఏడు, ఎనిమిది గంటలప్పుడు షార్ట్‌వేవ్ రేడియోను 6,765 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి, మెల్లగా 7,000 దాకా జరుపుకుంటూ పోండి. అక్కడ వార్తలు రావు, పాటలు రావు. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు తీరిగ్గా కబుర్లాడుకుంటుంటారు. ఒకరు నవ్వుతారు, ఇంకొకరు మైకులో ఈల వేస్తారు. స్టేషన్ పేరు గానీ, లైసెన్సుతో వచ్చే గుర్తు పేరైన కాల్‌సైన్ గానీ చెప్పరు. చాలాసార్లు ఆ భాష ఇండొనేషియాది. సుమత్రా, జావా దీవులు అనంతపురానికి మూడు నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. పై వాతావరణంలో తరంగాలను నేలకు తిప్పి పంపే అయనావరణంలోని ఎఫ్ పొర రేడియో తరంగాన్ని ఒక్క గెంతులో దాటించగలిగేది కూడా ఇంచుమించు అంత దూరమే.

లైసెన్సు లేకుండా మాట్లాడేవాళ్ళు, సరదా కొద్దీ సొంత స్టేషన్ నడిపే యూరప్ పైరేట్లు, ఎవరి కోసమో అంకెలు చదివే నంబర్ స్టేషన్లు, ఏళ్ళ తరబడి ఒకే మోత మోగిస్తూ ఉన్నట్టుండి మాట్లాడే రష్యన్ స్టేషన్లు, ఇవన్నీ సీమలో కూర్చొని వినొచ్చు. వాటిని ఎలా పట్టాలో, పట్టింది నిజంగా అదేనని ఎలా తేల్చుకోవాలో చెబుతాను. నన్నడిగితే పట్టడం సులువు, తేల్చుకోవడమే విద్య. వింత స్టేషన్ అని కొత్తవాళ్ళు రాసుకునేవాటిలో చాలా భాగం వాళ్ళ రేడియోలోనే పుట్టిన దయ్యాలు, లేదా లైసెన్సున్న స్టేషన్లు. అందుకే తేల్చుకునే పని మీద ఎక్కువ సేపు ఆగుతాను.

ముందుగా చట్టం

మనం వినేవాళ్ళమే గానీ మాట్లాడేవాళ్ళం కాదు. ఒకప్పుడు పోస్టాఫీసులో డబ్బు కట్టి తీసుకున్న ఇంటి రేడియో లైసెన్సు 1980లలోనే రద్దయింది. ప్రసారాలు వినే రేడియోకు ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ట్రాన్స్‌మిటర్ ఉన్న సెట్టు సంగతి వేరు. హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు లేకుండా అలాంటిది ఇంట్లో పెట్టుకోవద్దు, ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామన్నా సరే. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సిటిజన్ బ్యాండులో 5 వాట్ల లోపు సెట్లకు మాత్రం 2005 నిబంధనల ప్రకారం లైసెన్సు మినహాయింపు ఉంది.

2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఇతరుల సందేశాలను అక్రమంగా అడ్డగించి వినడాన్ని నేరంగా చూస్తుంది. కాబట్టి పోలీసు, సైన్యం, భద్రతా సంస్థల మాటల జోలికి వెళ్ళొద్దు. తిప్పుతుంటే చెవిన పడితే ముందుకు జరిపేయండి. రికార్డు చేయొద్దు, వాట్సాప్‌లో పెట్టొద్దు. మన వేట అందరూ వినాలని ప్రసారమయ్యేవాటి కోసం, ఊరూ పేరూ లేకుండా బ్యాండు మీద తిరిగే గొంతుల కోసం.

రేడియో

సింగిల్ సైడ్‌బ్యాండ్, అంటే సిగ్నల్‌లో ఒక్క పక్కను మాత్రమే పంపే పద్ధతి, వినగలిగే రేడియో కావాలి. పై పక్కను పంపితే అప్పర్, కింది పక్కను పంపితే లోయర్ అంటారు. ఇది లేకపోతే మొదలుపెట్టడమే దండగ. మామూలు ఏఎం రేడియోలో ఆ మాటలు బాతు అరుపులా వినిపిస్తాయి తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. టెక్‌సన్ పీఎల్-330, ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 లాంటి చేతి రేడియోలు దీనికి సరిపోతాయి. ల్యాప్‌టాప్ ఉంటే దానికి తగిలించి వాడే చిన్న రిసీవర్, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, ఇంకా మేలు. బ్యాండు మొత్తం తెర మీద పారుతూ కనిపిస్తుంది కాబట్టి గొంతు ఎక్కడ లేచిందో కంటితోనే పట్టేయొచ్చు. కొనేటప్పుడు మూడో వెర్షనా, నాలుగోదా అని చూసుకోండి. షార్ట్‌వేవ్ వినడానికి మూడోదానికి సిగ్నల్‌ను నేరుగా అంకెలుగా మార్చే డైరెక్ట్ శాంప్లింగ్ పెట్టాలి, నాలుగోదానిలో ఫ్రీక్వెన్సీని పైకి మార్చే అప్‌కన్వర్టర్ లోపలే ఉంటుంది. ఈ తేడా తర్వాత అక్కరకొస్తుంది.

కొనకముందే రుచి చూడాలంటే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం ఇంటర్నెట్ రిసీవర్ వెబ్‌ఎస్‌డీఆర్ గానీ, ప్రపంచమంతా ఉన్న కివీఎస్‌డీఆర్ రిసీవర్లు గానీ ఫోనులో తెరిచి వినండి. కాకపోతే అక్కడ విన్నది నెదర్లాండ్స్ విన్నట్టు, అనంతపురం విన్నట్టు కాదు. నోటుబుక్కులో ఏ రిసీవరో తప్పకుండా రాయాలి.

తీగ కట్టడం

రేడియో మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని తీగ మీద శ్రద్ధ పెట్టండి. ఇంటి వైరింగుకు వాడే ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ పదిహేను, ఇరవై మీటర్లు చాలు. మిద్దె పిట్టగోడకు ఒక పైపు నిలబెట్టి, రెండో కొస దగ్గర్లోని వేప చెట్టుకో పక్క మిద్దెకో కట్టండి. రెండు చివర్లా పీవీసీ పైపు ముక్కలు ఇన్సులేటర్లుగా పనికొస్తాయి. తీగ మొదట్లో తీగకూ కేబుల్‌కూ పొత్తు కుదిర్చే తొమ్మిదికి ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడి నుంచి కోయాక్స్ కేబుల్ రేడియో దాకా దించండి. పక్కింటివాళ్ళకు ముందే చెప్పి కట్టడం మంచిది. కరెంటు తీగల పైనుంచి గానీ కిందనుంచి గానీ ఏ పరిస్థితుల్లోనూ లాగొద్దు. తెగితే ఎటు పడుతుందో కూడా చూసుకోండి.

7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే మీ ఆసక్తి అయితే డైపోల్, అంటే నడుమ కేబుల్ కలిపే రెండు సమానమైన తీగ ముక్కలు, కట్టండి. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 6.9కి 20.7 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10.35.

ఎర్తింగ్ దగ్గర మన నేల ఇబ్బంది పెడుతుంది. అనంతపురం వైపు రాతినేల, వాన తక్కువ, ఎండాకాలం భూమి కరెంటును సరిగా తీసుకోదు. జీఐ పైపు దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి వారానికోసారి నీళ్ళు పొయ్యండి. ఇంటి వైరింగు ఎర్తుకు కలపొద్దు, ఇంట్లోని రొదంతా దాని గుండానే తీగలోకి వస్తుంది. ఎండాకాలం పొడి గాలి దుమ్ము తీగను రాసుకుంటూ పోతే తీగ మీద స్టాటిక్ పేరుకుని టప్‌టప్ మంటుంది. తీగకూ ఎర్తుకూ మధ్య లక్ష ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేస్తే ఆ ఛార్జి నిలవదు. పిడుగులను అది ఆపదు. ఏప్రిల్, మే నెలల గాలివానలకూ, సెప్టెంబరు, అక్టోబరు ఉరుములకూ ముందే కేబుల్ పీకేసి కొసను ఇంటి బయట పడేయండి.

రొద తగ్గించడం

చేతి రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ 6,900 దగ్గర పెట్టుకోండి. ఒకరిని మెయిన్ దగ్గర నిలబెట్టి ఎంసీబీలు ఒక్కొక్కటే దించమనండి. ఏది దించినప్పుడు బుస్సుమనే శబ్దం తగ్గుతుందో ఆ గదిలో వెతకండి. నాసిరకం ఎల్ఈడీ బల్బు, ఫోను ఛార్జర్, ఇన్వర్టర్, ఫ్యాను రెగ్యులేటర్, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్, చాలాసార్లు ఈ ఐదింటిలో ఒకటై ఉంటుంది. అన్నీ దించినా జుయ్ మంటూనే ఉంటే అది వీధి లైనుది. రేడియో పట్టుకుని వీధిలో నడిస్తే ఏ స్తంభం దగ్గర పెరుగుతుందో తెలుస్తుంది. వదులైన జంపరో పగిలిన పింగాణీయో కారణం కావచ్చు. లైన్‌మన్‌కు స్తంభం నంబరు చెప్పండి. మీరే కర్రతో పొడిచే పని మాత్రం పెట్టుకోవద్దు.

మన ప్రాంతంలో ఒక వరం ఉంది. సౌర ఇన్వర్టర్ల రొద పొద్దు గూకగానే ఆగిపోతుంది. చేల మోటార్లకూ కరెంటు ఎక్కువగా పగలే ఇస్తున్నారు. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు ఊరి బయట చేనులో రాత్రి తీగ వేసి వింటే, పట్నం మిద్దె మీద వినపడని బలహీనమైన గొంతులు నిలబడి వినిపిస్తాయి. వీలైన రోజు ఒక్కసారైనా అలా విని చూడండి. మీ ఇంటి రొద ఎంతో అప్పుడే అర్థమవుతుంది.

తెలిసిన గొంతులతో చెవికి పని

వింతవాటి కంటే ముందు మామూలువి వినాలి. 6,676 కిలోహెర్ట్జ్, అప్పర్ సైడ్‌బ్యాండ్ పెట్టండి. గంటకు 25, 55 నిమిషాల దగ్గర ముంబై వోల్మెట్, 5, 35 నిమిషాల దగ్గర కోల్‌కతా వోల్మెట్ విమానాశ్రయాల వాతావరణం చదువుతాయి. పగలు ఇవే 11,387 మీద బాగుంటాయి. ఈ వోల్మెట్లతోనే మీ రేడియో ఎంత పక్కకు జరిగి చూపిస్తోందో కొలుచుకోవచ్చు. డయల్‌ను పది హెర్ట్జ్ చొప్పున జరుపుతుంటే గొంతు కీచుగా మొదలై, కిందికి దిగి, ఒకచోట మనిషి గొంతు అవుతుంది. ఆ చోటు 6,676.00 కాకుండా 6,676.08 అయితే మీ రేడియో 80 హెర్ట్జ్ ఎక్కువ చూపిస్తోందన్నమాట. ఈ చుట్టుపక్కల రాసే ప్రతి ఫ్రీక్వెన్సీ లోంచి దాన్ని తీసేయండి.

ఆ తర్వాత పొద్దున పూట 7,000 నుంచి 7,200 దాకా లోయర్ సైడ్‌బ్యాండ్‌లో మన దేశపు హామ్‌లను వినండి. వీయూ2, వీయూ3 అని మొదలయ్యే కాల్‌సైన్లు, వంతులవారీగా మాట్లాడడం, ఒకరికొకరు సిగ్నల్ రిపోర్టు ఇచ్చుకోవడం చెవికి అలవాటు కావాలి. ఆ పద్ధతి అలవాటైన చెవికే, పద్ధతి లేని మాట వెంటనే తేడాగా తగులుతుంది.

ఎక్కడ, ఎప్పుడు

భారత కాలం, ప్రపంచమంతా వాడే ప్రామాణిక కాలమైన యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. షార్ట్‌వేవ్ లోకంలో పట్టికలన్నీ యూటీసీలోనే ఉంటాయి. తెల్లవారుజామున 5:30 లోపల విన్నదానికి యూటీసీ తేదీ నిన్నటిదవుతుంది, ఇది మరిస్తే రిపోర్టు పనికిరాదు.

ఇండొనేషియా గొంతులకు సాయంత్రం ఆరు నుంచి పది దాకా మంచిది. పడమటి ఇండొనేషియా గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది కాబట్టి మనకు పొద్దు వాలేసరికే అక్కడ చీకటి పడుతుంది. 6,765 నుంచి 7,000 దాకా ఉన్న ముక్క ఫిక్స్‌డ్ (ఒకచోట నిలిచిన), మొబైల్ (కదిలే) స్టేషన్ల సేవలకు కేటాయించినది. అక్కడ ఖాళీ ఎక్కువ, పక్కనే హామ్ బ్యాండు ఉంది కాబట్టి హామ్ సెట్లను కొద్దిగా మార్చుకుని అందులో దూరతారు. కొందరు హామ్ బ్యాండులోకే వచ్చేస్తారు. మాట ముగించి అవతలివాళ్ళకు వదిలేటప్పుడు ‘గంతి’ అంటుంటే అది ఇండొనేషియా మాటే.

4,625 కిలోహెర్ట్జ్ మీద రష్యా బజర్ ఉంటుంది. యూవీబీ-76 అన్న పాత పేరుతోనే దాన్ని లోకమంతా పిలుస్తుంది. నిమిషానికి ఇంచుమించు పాతిక సార్లు బొయ్యిమంటుంది. ఎప్పుడో ఒకప్పుడు మోత ఆగి, ఒక మనిషి రష్యన్‌లో కాల్‌సైన్, అంకెలు, ఒక మాట, మళ్ళీ అంకెలు చదువుతాడు. చలికాలం అర్ధరాత్రి అయితేనే మన వైపు ఆశ. ఎండాకాలంలో మాస్కో చుట్టుపక్కల పొద్దు గూకేసరికి మనకు రాత్రి పదకొండు దాటుతుంది. పగటి వెలుతురున్నంత సేపు అయనావరణం అడుగున ఉండే డీ పొర ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీని మింగేస్తుంది.

యూరప్ పైరేట్లు 6,200 నుంచి 6,400 మధ్య, ముఖ్యంగా శని, ఆదివారాల్లో ఉంటారు. నిజానికి అది ఓడల బ్యాండు. వాళ్ళవి చిన్న ట్రాన్స్‌మిటర్లు, దూరం ఏడు వేల కిలోమీటర్ల పైమాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రి పదకొండు నుంచి తెల్లవారే దాకా దారి మొత్తం చీకట్లో ఉన్నప్పుడు ప్రయత్నించండి. పాట నీడలా తేలి మునిగితే చాలు, అది పెద్ద వేటే.

26.9 నుంచి 28 మెగాహెర్ట్జ్ పైదాకా పగటిపూట చూడండి. సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని 2024లో నాసా ప్రకటించింది. ఇలాంటి ఏళ్ళలో ఈ బ్యాండు దేశాలు దాటుతుంది. ఎఫ్ఎం మోడ్‌లో చిన్న చిన్న ముక్కలుగా రష్యన్ వినిపిస్తే టాక్సీ డిస్పాచ్ కావచ్చు. 28 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండులో వీటిమీద ఫిర్యాదులు ఎప్పటినుంచో ఉన్నాయి.

తేల్చుకోవడం

గొంతు దొరికింది. ఇక దాన్ని అనుమానించడం మొదలుపెట్టండి. నేను చెప్పే వరుసలోనే చేయండి, ఎందుకంటే ముందువి నిమిషంలో అయిపోతాయి.

మొదట అటెన్యుయేటర్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ను తగ్గించే మీట, నొక్కండి. పది డెసిబెల్స్ తగ్గిస్తే నిజమైన సిగ్నల్ పదే తగ్గుతుంది. రెండు బలమైన స్టేషన్లు మీ రేడియోలో కలిసి పుట్టించిన దయ్యమైతే ఇరవై, ముప్పై తగ్గుతుంది, చాలాసార్లు పూర్తిగా మాయమవుతుంది. ఈ ఒక్క మీటతో సగం అనుమానాలు తీరిపోతాయి.

రెండోది లెక్క. కడపలోనో ప్రొద్దుటూరులోనో ఉన్నవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్. దాన్ని రెండు, మూడు, నాలుగు... అని హెచ్చవేసుకుంటూ పోతే 1,800, 2,700, 3,600, 4,500, 5,400, 6,300. ఏడో గుణిజం 6,300 సరిగ్గా యూరప్ పైరేట్ల నడిబొడ్డున పడుతుంది. అక్కడ తెలుగో, త్యాగరాజ కీర్తనో వినిపిస్తే, అదే క్షణంలో రెండో రేడియోలో 900 పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే విషయం అక్కడితో తేలిపోయింది.

పాత సింగిల్ కన్వర్షన్ సెట్లలో ఇంకో లెక్క ఉంది. అవి ప్రతి సిగ్నల్‌నూ లోపల మార్చుకునే మధ్యంతర ఫ్రీక్వెన్సీ 455 కిలోహెర్ట్జ్ కావడం వల్ల, దానికి రెండింతల దూరంలో, బలమైన స్టేషన్ దానికి 910 కిలోహెర్ట్జ్ కింద మరోసారి కనిపిస్తుంది. 7,300 మీది ప్రసారం 6,390 మీద దొంగ వేషంలో దిగుతుంది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ మూడో వెర్షన్‌ను డైరెక్ట్ శాంప్లింగ్‌లో వాడుతుంటే 28.8 లోంచి మీరు వింటున్న మెగాహెర్ట్జ్ తీసేయండి. 7.0 తీస్తే 21.8. అది 13 మీటర్ల ప్రసార బ్యాండు. మీకు 7,000 దగ్గర దొరికిన ‘రహస్య’ స్టేషన్ 21,800 మీది మామూలు ప్రసారం కావచ్చు. మధ్యాహ్నం పూట 7 మెగాహెర్ట్జ్ మీద వేల మైళ్ళ దూరపు గొంతు గట్టిగా వస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

మూడోది పట్టిక. ఈఐబీఐ షార్ట్‌వేవ్ షెడ్యూలు ఉచితంగా దొరుకుతుంది. సంవత్సరానికి రెండు సీజన్లు ఉంటాయి: మార్చి చివరి ఆదివారం నుంచి ఏ సీజన్, అక్టోబరు చివరి ఆదివారం నుంచి బీ సీజన్. పాత సీజన్ ఫైలు పెట్టుకుని చూస్తే ప్రతిదీ వింతగానే కనిపిస్తుంది. పట్టికలో ఫ్రీక్వెన్సీ, గంట, భాష మూడూ కలిస్తే అది లైసెన్సున్న స్టేషనే.

నాలుగోది ఫ్రీక్వెన్సీ అలవాట్లు. ప్రసార సంస్థలు ఐదుతో భాగించబడే కిలోహెర్ట్జ్ మీద నిలబడతాయి: 5,995, 6,000, 6,005. పైరేట్ల సెట్లు 6,284.7 లాంటి చోట ఉండి, వేడెక్కే కొద్దీ కొన్ని పదుల హెర్ట్జ్ జారుతాయి కూడా. తెర మీద నిటారుగా ఉండాల్సిన గీత మెల్లగా వంగుతుంటే అది ఇంట్లో కట్టిన ట్రాన్స్‌మిటర్ అనడానికి మంచి ఆధారం. లైసెన్సు లేని కబుర్లలో ఇంకో గుర్తు సైడ్‌బ్యాండ్. 10 మెగాహెర్ట్జ్ లోపల హామ్‌లు లోయర్ వాడతారు, విమానాలు, ఓడలు, సైన్యాలు అప్పర్ వాడతాయి. 6.8 దగ్గర లోయర్ సైడ్‌బ్యాండ్‌లో తీరిక కబుర్లు వింటే, హామ్ సెట్టును మార్చి వాడుతున్నారని ఊహించడానికి బలమైన కారణం ఉన్నట్టే.

చివరగా రెండో చెవి. మీ రికార్డు నడుస్తుండగానే థాయిలాండ్, సింగపూర్, ఆస్ట్రేలియాల్లో ఎక్కడైనా ఒక కివీఎస్‌డీఆర్ తెరిచి అదే ఫ్రీక్వెన్సీ పెట్టండి. అదే మాట అక్కడ ఇంకా గట్టిగా వస్తే అది తూర్పుది. గల్ఫ్‌లోని రిసీవర్‌లో గట్టిగా వస్తే పడమటిది. ఎక్కడా వినపడకపోతే మీ ఇంటిదో మీ ఊరిదో అయ్యే అవకాశం ఎక్కువ. నాలుగైదు చోట్ల పోల్చి చూస్తే ఏ దిక్కు అన్నది నమ్మకంగా చెప్పొచ్చు. ఏ ఊరు, ఎవరు అన్నది చెప్పకూడదు, ఎందుకంటే ఒక్క రాత్రి అయనావరణం ఒక రిసీవర్‌కు అనుకూలించి ఇంకోదానికి అనుకూలించకపోవచ్చు.

ఇన్నీ దాటినా పేరు పెట్టలేకపోతే ‘గుర్తు తెలియని గొంతు’ అని రాయండి. ‘గూఢచారి స్టేషన్’ అని రాయొద్దు. నంబర్ స్టేషన్ల వేటగాళ్ళు తమ పట్టికల్లో ఇంగ్లీషు చదివేవాటికి ఈ, జర్మన్‌కు జీ, స్లావిక్ భాషలకు ఎస్, మిగతావాటికి వీ అని అక్షరం పెట్టి నంబరు ఇస్తారు. ఆ పేర్లలో ఎక్కడా ఏ గూఢచార సంస్థ అన్న ఊసు ఉండదు. ఆ జాగ్రత్త నాకు చాలా ఇష్టం.

రాసుకోవడం, పంపడం

యూటీసీ తేదీ, మొదలు, ముగింపు సమయం, సరిచేసిన ఫ్రీక్వెన్సీ, మోడ్, భాష, విన్నది రెండు మూడు వాక్యాల్లో, రేడియో, తీగ, ఊరు. వీటితోపాటు సిన్పో అనే ఐదంకెల కొలత. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల జోక్యం, రొద, తేలి మునగడం, మొత్తం మీద వినబడ్డ తీరు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. ఐదు ఎప్పుడూ బాగున్నట్టే. 24322 అంటే సిగ్నల్ బలహీనం, జోక్యం తక్కువ, రొద కొంత, మునగడం ఎక్కువ, మొత్తం మీద అంతంత మాత్రం అని అర్థం. అన్నీ 55555 రాసే రిపోర్టును ఎవరూ నమ్మరు.

రికార్డు కనీసం మూడు నిమిషాలు ఉంచండి. యూరప్ పైరేట్లలో చాలామంది మధ్య మధ్య ఈమెయిల్ చదువుతారు. ఏ నిమిషానికి ఏ పాట వచ్చిందో రాసి, ఆడియో ముక్క జతచేసి పంపితే, విన్నది నిజమేనని ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డు బొమ్మ తిరిగి పంపుతారు. దక్షిణ భారతం నుంచి రిపోర్టు అంటే వాళ్ళకూ పండగే. ఇండొనేషియా కబుర్లకు ఆ ముచ్చట లేదు. అవి మనుషుల సొంత మాటలు కాబట్టి ఫ్రీక్వెన్సీ, సమయం మాత్రమే పంచుకోండి, మాటలు వద్దు.

7,000 నుంచి 7,200 లోపల లైసెన్సు లేని గొంతు హామ్‌లకు అడ్డం పడుతుంటే మీ రాతలకు నిజమైన ఉపయోగం ఉంది. అంతర్జాతీయ హామ్ సంఘానికి ఇలాంటి చొరబాట్లను నమోదు చేసే మానిటరింగ్ విభాగం ఉంది, మన దేశం అందులో మూడో ప్రాంతంలోకి వస్తుంది. మీ ఊరి హామ్ ద్వారా వివరాలు అందించండి. విమానాల ఫ్రీక్వెన్సీ మీద ఎవరో పాటలు వేస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా టెలికాం శాఖ వైర్‌లెస్ మానిటరింగ్ కార్యాలయానికి సమయం, ఫ్రీక్వెన్సీ చెప్పండి. వాళ్ళకు దిక్కు కొలిచే పరికరాలున్నాయి. మైకు పట్టుకుని మీరే మందలించాలని చూస్తే లైసెన్సు లేని గొంతు ఇంకొకటి పెరిగినట్టవుతుంది.

వినీ వినీ మాట్లాడాలనిపిస్తే టెలికాం శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం పెట్టే హామ్ పరీక్ష రాయండి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. నియమాలు, ప్రాథమిక ఎలక్ట్రానిక్స్ చదివితే సరిపోతుంది. పదో తరగతి ఫిజిక్స్ అర్థమైనవాళ్ళెవరికైనా అది అందేదే.